బొంబాయికని బయలెల్లి దెగ్లూర్ దాంక

రైలెక్కితే అయిపోయే పని అది. కామారెడ్డి టేషన్ల ఎక్కి, మన్మాడ్‌ల బండి మారితే మరునాటికల్లా బొంబాయి. సంకల పిల్లలున్న ఆడోళ్లు గూడ ఒంటరిగ పోయొచ్చే తొవ్వ. గసొంటి తొవ్వను ఇడిచిపెట్టి మోటర్ సైకిళ్ల మీద పోదామని మొండికేసింది నేను. ఈ ముచ్చట ఎప్పుడొచ్చినా, మా ఎంబడి వచ్చిన లెక్కల సారు "తప్పు ముగ్గురిది" అని సర్దిచెప్తడు. ముగ్గురిది కాదు, నా ఒక్కనిదే. ముందుగాల్నే ఒప్పుకుంటున్న, మళ్ల మధ్యల నన్ను ఆపొద్దు.

అప్పుడు మాకు ఇరవై నాలుగు, ఇరవై అయిదేండ్లు ఉంటయి. నాది ఎల్లారెడ్డి. బాపుతోని ఎవుసం. చెరుకు బాగొచ్చిన ఏడు లొల్లి పెట్టి, రెండు పూటలు అన్నం మానేసి, బాపుతోని ఒక పాత మోటర్ సైకిల్ కొనిపిచ్చిన. అది దినం తప్పి దినం ఆగేది. ఆగినప్పుడల్లా కామారెడ్డికి ఏదో ఒక లారీల ఏసుకొని పోయేది, బస్టాండు పక్కకున్న వెల్డింగ్ షాపుకు. అక్కడ పని చేసేటోడే నా దోస్తు. సాయెబుల పిలగాడు. పదేండ్ల సంది ఒక సేఠు కింద నౌకరి. నాగండ్లు, బండి ఇరుసులు, ట్రాక్టర్ ట్రాలీలు, ఏది తెచ్చినా వాడు అతికిచ్చిన కాడ ఇంకోపారి ఇరిగేది కాదు. ఇంజన్ పని ఎవలూ నేర్పలే, నా బండి మీదనే నేర్చుకున్నడు. ఇంట్ల వాళ్ల అమ్మీ, వాడు. వాని ఆశ ఒక్కటే, సొంత మిషన్ కొని సొంత షాపు పెట్టాలె. దానికి గల్ఫ్ పోవుడు తప్ప ఇంకో తొవ్వ లేదని వాడు ఎప్పుడో ఖాయం చేసుకున్నడు.

మూడో ఆయన లెక్కల సారు. మా ఈడోడే గాని బడిల నౌకరి వచ్చిన రోజు నుంచి మేమిద్దరం సారు అనుడే. ఆయనకు గూడ ఒక బండి ఉండె, నా బండి కంటే ముసలిది. చాయ్ తాగుదామన్నా ఒక నోటుబుక్కు తీసి రాసుకునే మనిషి.

ఒక ఐతారం మేం పోయేసరికి మా వెల్డరు మిషన్ బంద్ చేసి, చేతులు సబ్బు పెట్టి కడుక్కొని, ఒక కాయితం పట్టుకొని కూసున్నడు. పని ఏళల వాని చేతులు తెల్లగ కనబడ్డయంటే ఏదో పెద్ద సంగతే. కాయితం ఇంగ్లీషుల ఉంది. సారు చదివి చెప్పిండు. నెలన్నర తర్వాత వచ్చే సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు బొంబాయిల హాజరు కావాలె. అక్కడ కంపెనీ మనుషుల ముందు వెల్డింగ్ చేసి చూపియ్యాలె. పాసైతే వీసా. ఆ కాయితం, పని నేర్చిన సర్టిఫికెట్ ఎంబడి లేకుంటే లోపలికి రానియ్యరు. ఆ పొద్దు పోకుంటే ఆ జాగ ఇంకొకనికి పోతది, మళ్ల పిలుపు రాదు.

"ముబారక్‌రా" అన్న. నోటితోని అన్న. లోపల నాకు వాడు పోవద్దనే ఉంది. బండి ఎవలు బాగుజేస్తరని కాదు. వాడు లేని కామారెడ్డికి నేను ఎందుకు పోవాలె? ఎవల షాపు ముందట కూసొని మిర్చి బజ్జీలు తినాలె? నాది చెడ్డ నోరు, నాకు కోపమొస్తే పడేటోడు లోకంల వాడొక్కడే. మా అవ్వ గూడ పడదు.

ఆ బాధలనే అన్న, "రైల్ల ముసలోని లెక్క ఏం పోతవ్‌రా? ముగ్గురం బండ్ల మీద పోదాం. జిందగీల ఒక్కసారి. పోయినంక ఎన్నడొస్తవో ఏమో."

"పాగల్ హై క్యా?" అన్నడు వాడు. అన్నోడే, ఆ వచ్చే ఐతారం రెండు బండ్ల ఇంజన్లు ఇప్పి గోనెసంచి మీద పరుసుకొని కూసున్నడు.

ఇగ తయ్యారీ మొదలైంది. సారు బడిలకెళ్లి పటం తెచ్చి కామారెడ్డి నుంచి బొంబాయికి సక్కగ ఒక గీత గీసిండు. ఆ గీత చూసి మేమిద్దరం పడి పడి నవ్వినం. "గీ ఊర్లల్ల మనకు ఎవలున్నరు సారూ? రాత్రికి ఎవలింట్ల పంటం?" అన్న నేను. లాడ్జిల ఉండుడనేది మా ఇండ్లల్ల తెలువది. చుట్టాలుండంగ పైసలిచ్చి పరాయి మంచంల పండుకున్నరని తెలిస్తే మా అవ్వ ఏడాది దాంక దెప్పుతది. అందుకని చుట్టాలను బట్టి తొవ్వ గీసినం. పెద్దకొడప్‌గల్‌ల మా మేనత్త. డోంగ్లిల వాని మేనమామ. ఉద్గిర్‌ల సారు వాళ్ల వదినె తమ్ముడు. షోలాపూర్‌ల మా ఊరికెళ్లి మగ్గం పనికి పోయిన పాత పక్కింటోళ్లు. పూనాల ఎవలున్నరో తెలువదు గాని, వెతికితే ఎవలో ఒకరు దొరకకపోతరా అనుకున్నం. సారు గీసిన సక్కటి గీత పాము పోయినట్టు వంకర్లు తిరిగింది. ఆఖరికి శుక్రవారం ఎల్లితే ఆదివారం పొద్దుమీకేసరికి బొంబాయిల ఉంటమని నోటుబుక్కుల లెక్క తేలింది.

శుక్రవారం కాడ వచ్చింది తిప్పలు. సారుకు సెలవు, మా వెల్డరుకు సేఠు ఇచ్చిన రజా, రెండూ శుక్రవారం నుంచే. వాళ్ల అమ్మీ ఏమో జుమ్మా నమాజు చదువుకోకుంట ఊరు దాటొద్దన్నది. సరే, వాడు బెస్తారం మాపటికే మా ఇంటికొచ్చి, శుక్రవారం ఎల్లారెడ్డిల చదువుకున్నంక మధ్యాన్నం ఎల్లుదామనుకున్నం. మా బాపు పంచాంగం ముందటేసుకున్నడు. "శుక్రారం పడమర దిక్కుకు శూల. బొంబాయి పడమరనే గదరా. ఎట్ల పంపాలె పరాయి తల్లి కొడుకును?" అన్నడు. నేను ఎగిరిన. బాపు నా దిక్కు చూడనన్న చూడలే. మా వెల్డరునే దగ్గర కూసుండవెట్టుకొని చెప్పిండు, "బిడ్డా, దీనికి ఉపాయముంది. పరస్తానం పెడుదాం."

పరస్తానమంటే, మంచి గడియల మనం ఎల్లలేకపోతే మన వస్తువు ఒకటి ముందుగాల ఎల్లదీసి పక్కింట్ల పెట్టాలె. అంతటితోని పయనం మొదలైనట్టే లెక్క. మరునాడు ఎల్లేటప్పుడు ఆ వస్తువును అటుకెళ్లి అటే తీసుకొని పోవాలె, మళ్ల మనింటికి తేవద్దు. బాపు ఇంకో మాట గూడ అన్నడు, "పనికిరాని తువ్వాల పెడితే పనికిరాని పయనమైతది. ఏది లేకుంటే పయనమే లేదో అది పెట్టాలె." మా దోస్తుకు బాపంటే మస్తు మర్యాద. మారు మాట్లాడకుంట తన రెగ్జిన్ సంచి, కాయితం, సర్టిఫికెట్ అన్నీ ఉన్న సంచి, బెస్తారం పొద్దుగూకాల పక్కింటి పెద్దవ్వ చేతుల పెట్టి వచ్చిండు. పెద్దవ్వ దాన్ని వడ్ల గుమ్మి మీద పసుపు బొట్టు పెట్టి పెట్టింది.

శుక్రవారం జుమ్మా అయింది. అవ్వ కట్టిన సద్ది మూటలు, దుప్పట్లు, డబ్బాల పెట్రోలు, నట్లు ఇప్పే పానాల సంచి, అన్నీ బండ్లకు కట్టినం. వాడకట్టంత వాకిట్లకొచ్చింది. బొంబాయికి బండ్ల మీద పోయేటోళ్లను ఎల్లారెడ్డిల ఎవలు చూసిండ్రు? ఇగ కిక్కు కొడుదామనంగ గుంపుల ఎవలో తుమ్మిండ్రు. ఒక్క తుమ్ము. బాపు చెయ్యి అడ్డం పెట్టిండు. "దిగుండ్రి. లోపలికొచ్చి కూసొని, మంచినీళ్లు తాగి ఎల్లుండ్రి."

పొద్దటి సంది ఆపుకున్న కోపం నెత్తికెక్కింది. "శూల అంటివి, పరస్తానం అంటివి, ఇప్పుడు తుమ్మా? గిట్లయితే వాని టెస్టు మనింట్లనే పెట్టుమందాం తియ్యి!" అని వాడకట్టు ముందట బాపు మీద ఒర్రి, కిక్కు కొట్టి బండి ఉరికిచ్చిన. ఎనక నుంచి మా దోస్తు "అరే రుక్, రుక్" అనుకుంట ఉరికొచ్చి ఎగిరి కూసున్నడు. సారు తన బండి మీద ఎంబడివడ్డడు. ఊరు దాటేదాంక నేను ఎనకకు తిరిగి చూడలే.

సంచి సంగతి నాకు యాదికి లేదు. వెల్డరే తెచ్చుకున్నడని సారు అనుకున్నడు. వెల్డరు ఏమో, పరస్తానం తీసుకునే పద్ధతి మాది గాబట్టి నేనో బాపో తీసి మూటల కట్టినమనుకున్నడు.

ఆ మధ్యాన్నం మాత్రం ఎంత సంబురంగ పోయినమో! వరికోతలు నడుస్తున్నయి. రోడ్డు మీదనే కల్లాలు, మా బండ్ల కింద గడ్డి కరకరమంటుంది. నిజాంసాగర్ కట్ట దాటంగ చల్లగాలి కొట్టింది. మా దోస్తు ఎనక కూసొని గొంతు చించుకొని పాడుతుండు. వాని గొంతు రంపం కోసినట్టుంటది, అయినా ఆపుమనలే. పెద్దకొడప్‌గల్‌ల చాయ్ తాగి లేద్దామనుకుంటే మేనత్త అప్పటికే కోడిని పట్టుకుంది. "నా గడప కాడికొచ్చి ఉత్త కడుపుతోని పోతవారా? మీ బాపు నన్నేమంటడు?" కోడి ఉడికేదాంక కూసున్నం. సారు నోటుబుక్కు తీసి గంటలు కొట్టేసుకుంట నెత్తి గీక్కున్నడు. తొవ్వల సారు బండికి క్లచ్చి తీగ తెగితే, నా బండికి తాడు కట్టి గుంజుకపోయినం. మద్నూర్ దాటి డోంగ్లి చేరేసరికి మసకలు గమ్మినయి.

మా వెల్డరు వాళ్ల మామూ దర్జీ పని చేస్తడు. తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిపి ఒకటే వాక్యంల మాట్లాడే మనిషి. మమ్ముల చూసి కండ్ల నీళ్లు పెట్టుకున్నడు. రొట్టెలు తిన్నంక "ఏది బేటా, ఆ కాయితం చూపియ్యి, కండ్లకద్దుకుంట" అన్నడు.

మా వెల్డరు నా దిక్కు చూసిండు. నేను సారు దిక్కు చూసిన. సారు మూటలు ఇప్పిండు. దుప్పట్లు దులిపినం. పానాల సంచి బోర్లిచ్చినం. నాకు గుమ్మి మీద సంచి కండ్ల ముందట కనబడ్డది, పసుపు బొట్టుతోని సహా.

వాడు నన్ను తిట్టనన్న తిట్టలే. అదే నాకు బాధ. అరిస్తే నేను గూడ అరుద్దును. గోడకు ఆనుకొని కూసొని "హో గయా, అయిపోయింది" అన్నడు, అంతే.

మామూ ఉపాయం చెప్పిండు. దెగ్లూర్‌కు ఇక్కడికెళ్లి అరగంట. అక్కడ దినాం సాయంత్రం నాలుగ్గొట్టంగ బొంబాయి బస్సు ఎల్లుతది, మరునాడు మధ్యాన్నం చేరుతది. రేపటి బస్సు దొరికితే టెస్టు దొరికినట్టే. ఎల్లుండి బస్సెక్కితే సోమవారం మధ్యాన్నం దిగుతడు, అప్పటికి అంత ఖతం. ఇగ బండ్ల మీద బొంబాయి అనే ముచ్చటనే లేదు. సారు బండి ఎట్లాగు ఆగి ఉంది. "తప్పు నాది, నేనే పోయి తెస్త" అన్న.

శనివారం తెల్లారకముందే ఎల్లిన. ఒక్కణ్ణే. ఎనక ఎవలూ లేకుంటే బండి తేలిగ్గ ఉరుకుతది గాని, ఆ తేలిక నాకు సహించలే. ఎల్లారెడ్డి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. పెద్దవ్వ నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు బీరిపోయింది. "పరస్తానం ఇడిచిపెట్టి పోయిండ్రు, ఎవలిది ఎవలికియ్యాలెనో తెలువక రాత్రంత నిద్ర పోలేదు కొడుకా" అన్నది. మా ఇంట్లకు తెచ్చుకొని నీళ్లన్న తాగుదామంటే, "ఇది పట్టుకొని మీ గడప తొక్కితివా, పయనం వాపసు వచ్చినట్టే" అని అడ్డం నిలబడ్డది. అవ్వ గోడ మీదికెళ్లి రొట్టె, కారం అందిచ్చింది. బాపు ఎనక నిలబడ్డడు. నేను తలకాయ వంచుకొని "తప్పైంది బాపు" అన్న. "జల్ది పో" అన్నడు.

నిజాంసాగర్ కాడికొచ్చేసరికి పది. బొచ్చెడు టైముంది. నీళ్లు తాగుదామని కట్ట మీద బండి ఆపిన. అప్పటికి నాకు ఏ ఆలోచన లేదు. సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్న. జిప్పు తీసి కాయితం చూసిన. వాని పేరు టైపు చేసి ఉంది. గప్పుడొచ్చింది నాకు ఆ బుద్ధి. నేను ఇక్కడనే కూసుంటే బస్సు పోతది. బస్సు పోతే వాడు ఉంటడు. పంక్చరైందంట, ఎవలకు తెలుస్తది? సిగ్గిడిచి చెప్తున్న, ఆ ఆలోచన నాకు తియ్యగనే అనిపించింది. ఎన్నడు రానంత నిమ్మళం వచ్చింది. పదకొండైంది. రొట్టె తిన్న. కాలువలల్ల నీళ్లు బాన్సువాడ దిక్కు పోతుంటే చూసుకుంట కూసున్న. పన్నెండైంది.

అట్ల కూసున్నప్పుడే ఒకనాటి సంగతి యాదికొచ్చింది. పోయిన ఎండకాలం వెల్డింగ్ మంట వెలుతురుకు వాని కండ్లు ఉబ్బినయి. వెల్డింగోళ్లకు అది మామూలే, ఆలుగడ్డ చక్రాలు కోసి కండ్ల మీద పెట్టుకొని పంటరు. నేను పోయేసరికి షాపుల బల్ల మీద గట్లనే పండుకొని ఉన్నడు. ఇంటికి పోరాదురా అంటే, "సేఠు గంట సేపే ఇచ్చిండురా. నా సొంత షాపైతే, కండ్లు మండినరోజు షట్టర్ దించి హాయిగ పంట" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. ఆలుగడ్డ సందులకెళ్లి నీళ్లు కారుతున్నయి.

నేను ఎట్ల లేచిన్నో, కిక్కు ఎట్ల కొట్టిన్నో తెలువదు. పిట్లం దాటిందో లేదో తెలువదు. మేనత్త ఊర్ల హారన్ కొట్టుకుంట ఆగకుంట పోయిన. ఆ కోపం ఆమెకు ఏడాది దాంక పోలే. డోంగ్లిల దిగేసరికి మూడు దాటింది. మామూ, సారు, వాకిట్ల నిలబడ్డ వాడు, ముగ్గురు ఉరికొచ్చిండ్రు. "పంక్చర్" అన్న. ఎవలూ మళ్ల అడగలే. వాణ్ణి ఎనక కూసుండవెట్టుకొని దెగ్లూర్‌కు కొట్టిన. సారు మామూ సైకిల్ మీదనన్న వస్తనంటే తిట్టి, ముగ్గురం ఒక్క బండి మీదనే ఇరుక్కున్నం.

బస్సు ఎల్లెతందుకు తయ్యారుగ ఉంది. సారు టికెట్ కోసం ఉరికిండు. వాడు నాతోనే నిలబడి, కిందికి వంగి ఎనక చక్రం దిక్కు చూసిండు. రెండు చక్రాలు చూసిండు. తర్వాత లేచి నెమ్మదిగ అడిగిండు.

"ఏ చక్రంరా పంక్చరైంది?"

"ఎనకది."

"నట్టు మీద నేను పూసిన గ్రీసు గట్లనే ఉంది. ఎవలూ ముట్టలే."

నేను గూడ వంగి ఆ నట్టు దిక్కు చూసిన.

"ఎక్కడున్నవ్ ఇంత సేపు?"

"నిజాంసాగర్ కట్ట మీద."

"ఏం చేస్తున్నవ్?"

"నీ బస్సు పోవాలెనని కూసున్న." చెప్పేసిన. వాడు కొడితే బాగుండనిపించింది.

"మరెందుకొచ్చినవ్‌రా?"

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చినయి. "ఎందుకొచ్చినవ్ అంటే ఏం చెప్పాలెరా? నువ్వు పోతె నాకు పొద్దు గడవది. పోకపోతె జిందగీ అంత ఆ బల్ల మీద పండుకుంటవ్, అది చూసుడు నాతోని కాదు. ఎక్కు, నోరు మూసుకొని బస్సెక్కు!"

సారు టికెట్ తెచ్చిండు. కండక్టర్ మరాఠీల ఒర్రుతుండు. వాడు నన్ను ఒక్కసారి గట్టిగ కావలిచ్చుకొని బస్సెక్కిండు. సంచి ఒళ్లె పెట్టుకొని కిటికీ కాడ కూసున్నడు. బస్సు కదిలింది. కదిలినంక తలకాయ బయటపెట్టి ఒర్రిండు.

"అరే! పొద్దటి సంది వాకిట్ల నిలబడి నేనేమనుకున్ననో ఎరికేనా? అల్లా, వాడు రావద్దు, వాడు రావద్దు అనుకున్నరా!"

నాకు సమజయ్యేసరికి బస్సు గేటు దాటింది. "గా మాట ఇప్పుడు చెప్తవారా, బాడ్కావ్! దిగు, దిగురా!" అని తిట్టుకుంట, ఏడ్సుకుంట బస్సెంబడి ఉరికిన. దెగ్లూర్ బజారంత నిలబడి చూస్తుంది. వాడు చెయ్యి ఊపుతనే ఉన్నడు. బస్సు ఆగలే.

టెస్టుల పాసైండు. మళ్ల నేను వాని మొఖం చూసింది నాలుగేండ్లకు.